రాత్రికి గది దొరికింది, పగలు కుక్క ఎక్కడుంటుంది?
ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: మేం ఫ్రీమాంట్‌లో ఉంటాం. మా ల్యాబ్రడార్‌కి నాలుగేళ్లు, 32 కేజీల బరువు. మే నెలాఖరులో వచ్చే లాంగ్ వీకెండ్‌కి నాపా వెళ్దామనుకుంటున్నాం. గుంటూరు నుంచి మా అత్తయ్య, మామయ్య వచ్చి ఉన్నారు, వాళ్లూ వస్తారు. అత్తయ్యకి కుక్కంటే ముద్దే కానీ ఒకే గదిలో పడుకోమంటే ఒప్పుకోరు. పైగా ఇద్దరూ వైన్ ముట్టరు. కుక్కల్ని రానిస్తామనే హోటళ్లు నెట్‌లో చాలానే కనిపిస్తున్నాయి. వాటిలో దేన్ని నమ్మాలి?
- ఒక పాఠకురాలు, ఫ్రీమాంట్

జవాబు: ముందు అత్తయ్యగారి సంగతి తేలుద్దాం. మీరు ఎక్కడ దిగాలో దాన్ని బట్టే తేలిపోతుంది. నలుగురు పెద్దవాళ్లు, ఒక పెద్ద కుక్క. హోటల్ అంటే రెండు గదులు, రెండింటికీ లాంగ్ వీకెండ్ రేటు, దాని మీద కుక్క ఫీజు. తెల్లారి లేచి కాఫీ పెట్టుకోవడానికి వంటగది కూడా ఉండదు. మీకు నేను హోటల్ చెప్పను. రెండు మూడు పడకగదులు, వంటగది, చుట్టూ కంచె ఉన్న పెరడు చూసుకుని ఒక ఇల్లు అద్దెకి తీసుకోండి. అదీ నాపాలో వద్దు, దాన్ని ఆనుకునే ఉన్న సొనోమా కౌంటీలో వెతకండి.

కారణం ఉంది. నాపా కౌంటీ 1968లోనే లోయలోని భూమిని సేద్యానికి కేటాయించింది. ఊళ్ల పరిధి దాటితే ఏ ఇంటినైనా 30 రోజుల కంటే తక్కువకి అద్దెకివ్వడం అక్కడ నిషేధం. ఊళ్ల లోపల కూడా పర్మిట్లు లెక్కపెట్టి ఇస్తారు. అందుకే నాపా వైపు హోటళ్లు, రిసార్టులే ఎక్కువ. ద్రాక్షతోట మధ్యలో ఇల్లు, రెండు రాత్రులకి ఇస్తామని ఎవరైనా ఆశపెడితే పర్మిట్ నంబరు చూడకుండా డబ్బు కట్టకండి. సొనోమాలోనూ పర్మిట్లున్నాయి, హద్దులున్నాయి. అయినా హీల్డ్స్‌బర్గ్, సెబాస్టొపోల్, గెర్న్‌విల్ చుట్టుపక్కల మీకు కావలసినటువంటి ఇళ్లు దొరుకుతాయి. నాపా చూడాలన్న కోరిక ఉంటే శాంటా రోజా నుంచి కాలిస్టోగా సుమారు అరగంట ప్రయాణం, ఒక పూట వెళ్లి రావచ్చు.

ఇక నమ్మకం మాట. బుకింగ్ సైట్‌లో కనిపించే కుక్క పాదం గుర్తు మీకు చెప్పేది ఒక్కటే: కుక్క ఆ గుమ్మం దాటవచ్చు. ఏ కుక్క, ఎంత బరువు, ఎంత డబ్బు, ఏ షరతు మీద అన్నది ఫోన్ చేస్తేనే తెలుస్తుంది. చాలా హోటళ్లలో 25 లేదా 50 పౌండ్ల బరువు దాటితే రానివ్వరు. మీ ల్యాబ్ 70 పౌండ్లు. ఫీజు రాత్రికా, మొత్తం బసకా అని అడగండి. తిరిగిచ్చే డిపాజిటా, తిరిగిరాని ఫీజా అని కూడా అడగండి. అద్దె ఇల్లయితే కంచె నాలుగు వైపులా ఉందో లేదో, గేటు గడియ పడుతుందో లేదో ఫోటో పంపమనండి. కంచె ఉందని రాసి, వెనకవైపు వాగు దాకా ఖాళీగా వదిలేసే ఇళ్లున్నాయి.

వీటన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్నని చాలామంది అడగరు. "మేం బయటికి వెళ్లినప్పుడు కుక్కని లోపల ఒక్కదాన్నే వదలవచ్చా?" అని అడగండి. చాలాచోట్ల వదలకూడదు. చెక్-ఇన్ అప్పుడు సంతకం పెట్టించుకునే కాగితంలో ఆ షరతు చిన్న అక్షరాల్లో ఉంటుంది. కుక్క రాత్రి ఎక్కడైనా పడుకుంటుంది. పొద్దున పదింటి నుంచి సాయంత్రం నాలుగింటి దాకా అది ఎక్కడుంటుందో తేల్చుకుని, దానికి కుదిరే బస చూసుకోండి. కొన్ని చోట్ల క్రేట్‌లో పెట్టి, ఫోన్ నంబరు ఇచ్చి వెళ్తే ఒప్పుకుంటారు. మీ కుక్కకి క్రేట్ అలవాటు లేకపోతే ఇప్పటి నుంచే ఇంట్లో మొదలుపెట్టండి. కొత్త చోట, కొత్త వాసనల మధ్య మొదటిసారి క్రేట్‌లో పెట్టి తాళం వేసి వెళ్లిపోవడం దాని మీద చూపే దయ కాదు.

పగటి పూట ఇలా సాగనివ్వండి. నాపాలో 1990లో వచ్చిన నిబంధన వల్ల ఆ తర్వాత పెట్టిన వైనరీలు ముందుగా అపాయింట్‌మెంట్ తీసుకున్నవాళ్లకే టేస్టింగ్ ఇస్తాయి. సొనోమాలోనూ ఇప్పుడు చాలాచోట్ల రిజర్వేషన్ అడుగుతున్నారు. ఇది మీకు మంచిదే. ఎలాగూ మాట్లాడాలి కాబట్టి అప్పుడే అడిగేయండి: ఆరుబయట బల్లలున్నాయా, కుక్కని పక్కన కూర్చోబెట్టుకోవచ్చా, నీడ ఉంటుందా, తోటలో వాళ్ల సొంత కుక్కలు తిరుగుతుంటాయా? తాగని పెద్దవాళ్లకి టేస్టింగ్ డబ్బులు తీసుకుంటారా అన్నది కూడా తేల్చుకోండి. పొద్దుటిపూట ఒకటి, మహా అయితే రెండు వైనరీలు చాలు. కారు నడిపేవాళ్లు ఆ రోజుకి గ్లాసు ముట్టకూడదని వేరే చెప్పక్కర్లేదు.

భోజనానికి ఇబ్బంది లేదు. 2015 నుంచి కాలిఫోర్నియాలో రెస్టారెంట్లు ఆరుబయట కూర్చునే చోటికి పెంపుడు కుక్కల్ని అనుమతించవచ్చు. లీష్ ఉండాలి, కుర్చీ ఎక్కకూడదు, రెస్టారెంట్ లోపల నుంచి కాకుండా బయటి దారిన రావాలి. ఒప్పుకోవాలా వద్దా అన్నది యజమాని ఇష్టం.

మధ్యాహ్నం అత్తయ్య, మామయ్యలని గెర్న్‌విల్ పక్కనున్న ఆర్మ్‌స్ట్రాంగ్ రెడ్‌వుడ్స్‌కి తీసుకెళ్లండి. మూడు వందల అడుగులు దాటిన చెట్టుని మెడ ఎత్తి చూడటం వాళ్లకి ఏ టేస్టింగ్ రూమ్‌లోనూ దొరకని అనుభవం. ఒక్కటి గుర్తుంచుకోండి. కాలిఫోర్నియా స్టేట్ పార్కుల్లో చాలాచోట్ల కాలిబాటల మీద కుక్కలకి ప్రవేశం లేదు. ఆర్మ్‌స్ట్రాంగ్‌లోనూ తారు రోడ్డు మీద, పిక్నిక్ బల్లల దగ్గర లీష్‌తో తిప్పవచ్చు, అంతవరకే. ఒకరు పెద్దవాళ్లతో కాలిబాట మీద వెళ్తే, ఒకరు కుక్కతో రోడ్డు మీద నడవండి. మర్నాడు బొడేగా బే దగ్గర డోరన్ బీచ్‌కి వెళ్లండి. అక్కడ లీష్ ఉంటే కుక్కలు ఇసుకలోకి రావచ్చు. ఆ నీళ్లు చల్లన, గాలి గట్టిది. మామయ్యగారికి స్వెటర్ మర్చిపోకండి.

ప్రశ్న: మా స్నేహితులు తమ కుక్కకి "సర్వీస్ డాగ్" అని రాసి ఉన్న కోటు ఆన్‌లైన్‌లో కొని తొడిగారు. ఏ హోటల్లోనూ ఫీజు కట్టరు, ఎవరూ అడగరు. మమ్మల్నీ కొనమంటున్నారు. మా కుక్క చాలా బుద్ధిమంతురాలు, ఎవరి జోలికీ పోదు. ఇందులో తప్పేముంది?
- ఒక పాఠకుడు, సన్నీవేల్

జవాబు: తప్పే. చట్టం ప్రకారమూ తప్పే, మనిషితనం ప్రకారమూ తప్పే.

అమెరికన్స్ విత్ డిజెబిలిటీస్ చట్టం ప్రకారం సర్వీస్ డాగ్ అంటే వైకల్యం ఉన్న మనిషి కోసం ఫలానా పని నేర్చిన కుక్క. కళ్లు కనపడనివారికి దారి చూపడం, మూర్ఛ వచ్చినప్పుడు కనిపెట్టుకుని ఉండటం లాంటి పనులు. పక్కన ఉంటే మనసుకి హాయిగా ఉంటుందన్నంత మాత్రాన హోటల్లో ఆ హోదా రాదు. కోటుకి, ఆన్‌లైన్‌లో డబ్బిచ్చి తెచ్చుకున్న సర్టిఫికెట్‌కి చట్టంలో విలువ లేదు, ప్రభుత్వం నడిపే రిజిస్ట్రీ అంటూ ఏదీ లేదు. హోటల్ వాళ్లు రెండే ప్రశ్నలు అడగవచ్చు: వైకల్యం వల్ల అవసరమైన కుక్కేనా, ఏ పని నేర్చింది? ఆ రెండో ప్రశ్నకి మీరు ఏం చెబుతారు? కాలిఫోర్నియాలో తెలిసి తెలిసి అలా నమ్మబలికితే ఆరు నెలల దాకా జైలు, 1,000 డాలర్ల దాకా జరిమానా పడవచ్చు.

సొనోమా వెళ్లే 101 హైవే మీదే శాన్ రఫెల్ తగులుతుంది. 1942లో మొదలైన గైడ్ డాగ్స్ ఫర్ ది బ్లైండ్ అనే సంస్థ అక్కడే ఉంది. ఆ కుక్కల్ని కుక్కపిల్లలుగా ఉన్నప్పుడు వాలంటీర్లు ఇళ్లలో పెంచి, తర్వాత శిక్షణకి అప్పజెబుతారు. అలా తయారైన కుక్క కళ్లు కనపడని మనిషిని నడిపిస్తూ ఒక హోటల్ లాబీలోకి వస్తే, కోటు తొడుక్కున్న మామూలు కుక్క దాని మీదికి మొరిగిందనుకోండి, పనిలో ఉన్న ఆ కుక్క దృష్టి చెదురుతుంది. దాన్ని నమ్ముకున్న మనిషి అడుగు తడబడుతుంది. అలాంటివి రెండు చూసిన హోటల్ మేనేజర్ మూడోసారి నిజమైన సర్వీస్ డాగ్‌ని కూడా అనుమానంగానే చూస్తాడు. మీరు మిగుల్చుకునే డబ్బు అలాంటి కుక్క నిజంగా అవసరమైనవాళ్ల దగ్గర్నుంచి లాక్కున్నదే.

ఫీజు భారంగా ఉంటే దారులున్నాయి. వారం మధ్యలో వెళ్లండి, గది రేటే తగ్గుతుంది. రాత్రికి ఇంత అని కాకుండా బసకి ఇంత అని తీసుకునే చోటు చూసుకోండి. మీ కుక్క బుద్ధిమంతురాలని చెప్పారు. పాత బసల యజమానులు అదే మాట రివ్యూలో రాసి ఉంటే కొత్త యజమానికి పంపండి. అద్దె ఇళ్ల వాళ్లు అలాంటి మాటకి విలువిస్తారు.

ప్రశ్న: మాది పిట్‌బుల్ మిక్స్, షెల్టర్ నుంచి తెచ్చుకున్నాం. బుక్ చేసి డబ్బు కట్టాక, చెక్-ఇన్ దగ్గర కుక్కని చూసి కాదన్నారు. ఇంకోసారి ఇలా జరగకుండా ఏం చేయాలి?
- ఒక పాఠకురాలు, శాక్రమెంటో

జవాబు: జాతి, బరువు, ఫోటో ముందే ఈమెయిల్‌లో పంపి, "సరే" అని రాతపూర్వకంగా తెప్పించుకున్నాకే డబ్బు కట్టండి. ఫోన్‌లో "పర్లేదు" అన్నవాళ్లు ఆ సాయంత్రం డ్యూటీలో ఉండకపోవచ్చు. ఆ ఈమెయిల్‌నీ, రేబిస్ టీకా సర్టిఫికెట్‌నీ ప్రింట్ తీసి కారులో పెట్టుకోండి.

ప్రశ్న: సెప్టెంబరులో ద్రాక్ష కోతల సమయానికి వెళ్దామనుకుంటున్నాం. మాది ఇంకా ఏడాది నిండని బీగల్ పిల్ల, కనిపించిందల్లా నోట్లో పెట్టుకుంటుంది. టేస్టింగ్ జరిగే అరగంట కారు అద్దాలు కొంచెం దించి అందులోనే ఉంచితే పర్లేదా? తోటలో వేరే జాగ్రత్తలేమైనా ఉన్నాయా?
- ఒక పాఠకుడు, ప్లెజంటన్

జవాబు: కారులో వద్దు. అరగంట కాదు, పది నిమిషాలు కూడా వద్దు. బయట 70 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే మనకి హాయిగా అనిపించే ఎండ ఉన్నప్పుడు, మూసిన కారులో పది నిమిషాల్లో 89కి, అరగంటలో 104కి చేరుతుంది. అద్దం కాస్త దించినంత మాత్రాన పెద్ద తేడా రాదు. సెప్టెంబరు మధ్యాహ్నాలు ఆ లోయల్లో 70 దగ్గర ఆగవు. కాలిఫోర్నియాలో ఇది నేరం కూడా. 2017 నుంచి, ప్రాణం మీదికి వచ్చిన జంతువు కారులో కనిపిస్తే, పోలీసులకి ఫోన్ చేసి, వాళ్లు వచ్చేదాకా ఆగలేని పరిస్థితిలో ఎవరైనా అద్దం పగలగొట్టి కాపాడవచ్చు. ఆ పూటకి డే కేర్‌లో వదలండి, లేదా రోవర్ లాంటి యాప్‌లో కుక్కల్ని చూసుకునే, ఊళ్లోనే ఉండే మనిషిని మాట్లాడుకోండి.

మీ బీగల్‌కి ఆ తోటలో పెద్ద గండం ద్రాక్షే. కుక్కలకి ద్రాక్ష, ఎండు ద్రాక్ష విషం. కిడ్నీలు దెబ్బతింటాయి. ఒక కుక్క గుప్పెడు తిని బాగానే ఉంటుంది, ఇంకో కుక్క కొద్దిగా తిన్నా ప్రాణం మీదికి వస్తుంది. ఎంత తింటే ప్రమాదమో ముందే చెప్పలేం. కోతలప్పుడు వరసల మధ్య పండ్లు రాలి ఉంటాయి. రసం తీశాక మిగిలిన తొక్కా గింజా పిప్పిని కుప్ప పోస్తారు, లేదా ఎరువుగా తోటలోనే చల్లుతారు. పులిసిన ఆ వాసనకి బీగల్ ముక్కు ఆగదు. లీష్ పొట్టిగా పట్టుకోండి. పొడుగు సాగే లీష్ తోటలోకి తేకండి.

మన ఇళ్లవాళ్లు ప్రత్యేకంగా తెలుసుకోవలసింది ఒకటుంది. ద్రాక్షలో కుక్కలకి హాని చేసేది టార్టారిక్ ఆమ్లమేనని పశువైద్యులు ఈమధ్య గట్టిగా అనుమానిస్తున్నారు. ఆ ఆమ్లం చింతపండులో దండిగా ఉంటుంది. చింతపండు తిని కిడ్నీలు పాడైన కుక్కల కేసుల్ని కూడా వాళ్లు నమోదు చేశారు. మనం ప్రయాణం అనగానే కట్టుకునేది పులిహోర. పిక్నిక్ బల్ల దగ్గర జాలిపడి దానికో ముద్ద పెట్టకండి, పిల్లల్ని పెట్టనివ్వకండి. కిస్మిస్ వేసిన కేసరి కూడా అంతే. దానికి విడిగా పెరుగన్నం కలిపి తెచ్చుకోండి, ఉప్పు వేయకుండా.

ఇంకొకటి ఫాక్స్‌టెయిల్. వసంతం చివర్లో ఎండిపోయే ఆ గడ్డి వెన్నులు సెప్టెంబరు నాటికి నేలంతా రాలి ఉంటాయి. ఒకదాన్ని వేళ్ల మధ్య పెట్టి తోస్తే ముందుకే జారుతుంది, వెనక్కి రాదు. దాని ముళ్లన్నీ ఒకేవైపు తిరిగి ఉంటాయి. కుక్క కాలి వేళ్ల సందులో, చెవిలో, ముక్కులో దూరితే లోపలికి వెళ్తూనే ఉంటుంది. నడక అయ్యాక ప్రతి వేలి సందు విప్పి చూడండి, చెవి మడత ఎత్తి చూడండి. ఒక్కసారిగా ఆగకుండా తుమ్ములు మొదలైతే, లేదా తల ఒకవైపే విదిలిస్తుంటే ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

కోతల కాలమే మంటల కాలం కూడా. 2017 అక్టోబరులో, 2020 సెప్టెంబరులో ఆ ప్రాంతంలో ఊళ్లకి ఊళ్లు ఖాళీ చేయవలసి వచ్చింది. పొగ వస్తే డబ్బు వెనక్కిస్తారా అని బుక్ చేసేముందే అడగండి. దిగే ఊరి జిప్ కోడ్‌ని 888777 నంబరుకి మెసేజ్ చేస్తే నిక్సిల్ అనే సర్వీసు పంపే అత్యవసర హెచ్చరికలు మీ ఫోన్‌కే వస్తాయి. రాత్రి పడుకునేముందు లీష్, నీళ్లు, రెండు రోజుల తిండి, టీకా కాగితాలు తలుపు దగ్గరే ఒక సంచిలో ఉంచండి.

ద్రాక్ష తిన్నదని అనుమానం వస్తే వాంతి అవుతుందేమో చూద్దామని ఎదురుచూడకండి. కిడ్నీల లక్షణాలు బయటపడటానికి ఒకటి రెండు రోజులు పట్టవచ్చు, అప్పటికి ఆలస్యమైపోతుంది. దిగే చోటికి దగ్గర్లో రాత్రంతా తెరిచి ఉండే పశువుల ఆసుపత్రి ఏదో బయల్దేరేముందే చూసి ఫోన్‌లో పెట్టుకోండి. ఏఎస్‌పీసీఏ అనే జంతు సంక్షేమ సంస్థ నడిపే విషాల హెల్ప్‌లైన్ నంబరు 888-426-4435, రాత్రీ పగలూ పలుకుతారు. ఆ కాల్‌కి ఫీజు తీసుకోవచ్చు, ఫోన్ చేసేటప్పుడు కార్డు చేతిలో ఉంచుకోండి. ఎన్ని పండ్లు, ఎంతసేపైంది, కుక్క బరువెంత అన్నవి అడుగుతారు.