ఆపదకు ముందే నిధి, నిధికి ముందే లెక్క

వరద వచ్చినప్పుడు ఎవరినీ చందా అడగనక్కర్లేదు. టీవీలో నీళ్లు చూసిన సాయంత్రమే బియ్యం బస్తాలు, దుప్పట్లు, డబ్బు మసీదు దగ్గరికి వచ్చి చేరతాయి. మార్కాపురం, కంభం, గిద్దలూరు దాతల చేయి ఆ విషయంలో ఎప్పుడూ పెద్దదే. అయితే మన పశ్చిమ ప్రకాశానికి వచ్చే ఆపదల్లో ఎక్కువ భాగం టీవీలో కనబడవు. బోరు ఎండిపోతుంది. ఫ్లోరైడు నీళ్లు తాగి తాగి కీళ్లు పట్టేస్తాయి. పలకల కార్ఖానాలో పని తగ్గుతుంది. ఒక ఉత్తర్వుతో పిల్లవాడి స్కాలర్‌షిప్ ఆగిపోతుంది. వీటికి చప్పుడు ఉండదు. ఇవి చాలవన్నట్టు 2020 నుంచి ధర్మసంస్థలకు సంబంధించిన చట్టాలు కూడా ఒకదాని వెంట ఒకటి మారుతూ వచ్చాయి.

అందుకే ఈ వ్యాసంలో రెండు ప్రశ్నలు తీసుకున్నాం. ఆపద వేళ ప్రభుత్వం ఒక పక్క పనిచేస్తుండగా మనలాంటి సొసైటీ చేయవలసిన పని ఏది? ఆ పని చేయగల స్థితిలో సొసైటీ ఉండాలంటే దాతలుగా మనం ఏం చేయాలి?

ధాత కరువు నేర్పిన పాఠం

1876-78 నాటి మహా కరువును తెలుగువారు ధాత కరువు అని చెప్పుకున్నారు. అప్పటికి మార్కాపురం, కంభం ప్రాంతాలు కర్నూలు జిల్లాలో ఉండేవి. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడేదాకా అలాగే ఉన్నాయి. 1871, 1881 జనగణనల మధ్య కర్నూలు జిల్లా జనాభా దాదాపు నాలుగో వంతు తగ్గిపోయింది. ప్రభుత్వం కరువు పనులు పెట్టింది గాని, 1877 మొదట్లో మగవాడి రోజు కూలిని ఒక పౌను ధాన్యానికీ ఒక అణాకూ కుదించింది. అది ప్రాణం నిలపడానికి చాలదని మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ గట్టిగా వాదించారు. కొన్ని నెలల తర్వాత ప్రభుత్వం కూలి పెంచింది.

ఆ ఏడాది ఆగస్టులో మద్రాసు పౌరులు సభ చేసి ఇంగ్లండు ప్రజలకు విజ్ఞప్తి పంపారు. లండన్ మేయర్ మాన్షన్ హౌస్ పేరుతో నిధి తెరిచారు. విరాళాలు పెద్ద ఎత్తున వచ్చాయి. కాని డబ్బు చాలా భాగం వానలు మళ్లీ మొదలయ్యే రోజులకు చేరింది. అప్పుడు నిర్వాహకులు ఒక తెలివైన నిర్ణయం తీసుకున్నారు. ప్రాణం నిలపడం సర్కారు బాధ్యత. ఎద్దులు చచ్చి, విత్తనాలు తినేసి, ఇంటి కప్పు అమ్ముకున్న రైతును మళ్లీ నిలబెట్టడం నిధి బాధ్యత. నిధిలో పెద్ద భాగం ఎద్దులకు, విత్తనాలకు, ఇళ్లకు వెళ్లింది.

1897 కరువు నాటికి ఈ అనుభవం నాలుగు పద్దులైంది. సర్కారు ఇచ్చే తిండికి పైన రోగులకు, పసిపిల్లలకు కావలసిన చిన్న చిన్న అవసరాలు తీర్చడం మొదటిది. అనాథల పోషణ రెండవది. పేదలే అయినా పరువు కోసం కరువు పనికి రాలేని కుటుంబాలకు, ముఖ్యంగా గోషా స్త్రీలకు, ఇంటికే సాయం పంపడం మూడవది. అంతా పోగొట్టుకున్నవారికి కొత్త బతుకుదెరువు చూపడం నాలుగవది.

నూట పాతికేళ్లు గడిచినా ఈ జాబితాలో మార్చవలసినది పెద్దగా కనబడదు. ప్రభుత్వం చేసే పనినే చిన్న గరిటెతో మళ్లీ చేయడం మన పని కాదు. ప్రభుత్వ జాబితాలో ఎవరు జారిపోయారో చూడటం, సాయం ఆగిపోయిన రోజు తర్వాత ఆ ఇల్లు ఎలా నడుస్తుందో చూడటం మన పని. చేయి చాచని పేదను గుర్తుపట్టి ఇవ్వమని బఖరా సూరా బోధించేదీ ఇదే.

మొన్నటి ఆపదల్లో ఏం చూశాం

2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలైంది. నెల రోజులకే రంజాన్ వచ్చింది. మసీదుల్లో జమాత్ లేదు కాబట్టి తరావీహ్ తర్వాత జరిగే వసూలూ లేదు. కేంద్రం ఏప్రిల్ నుంచి రేషన్ కార్డున్న ఇళ్లకు మనిషికి నెలకు ఐదు కిలోల చొప్పున అదనంగా ఉచిత ధాన్యం ఇచ్చింది. అది లక్షల ఇళ్లను నిలబెట్టింది. కాని కార్డు ఒక ఊళ్లో, మనిషి మరో ఊళ్లో ఉన్న వలస కూలీకి ఆ గింజలు అందలేదు. పనుల కోసం ఊళ్లు వదిలి వెళ్లడం మన ప్రాంతానికి కొత్త కాదు. కార్డు లేనివాడి పేరు ఎవరి దగ్గర ఉంది? ఆ పేరు ముందే రాసిపెట్టుకున్న సంస్థే మొదటి వారంలో వాళ్లను చేరగలదు.

2024 సెప్టెంబర్ 1న విజయవాడ సింగ్ నగర్‌ను బుడమేరు ముంచెత్తింది. ప్రకాశం బ్యారేజీ వద్ద 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద నమోదైంది. మొదటి నాలుగు రోజులు భోజనం పొట్లాలు రాష్ట్రం నలుమూలల నుంచి వచ్చాయి. ప్రభుత్వం మునిగిన కింది అంతస్తు ఇళ్లకు రూ. 25,000, మొదటి అంతస్తు వారికి రూ. 10,000 ప్రకటించింది. ఆ తర్వాత మొదలైంది అసలు కష్టం. బురద పట్టిన కుట్టు మిషను, నీళ్లు చేరిన ఆటో ఇంజను, తడిసిన పుస్తకాలు, జాబితాలో పేరు లేదని కార్యాలయాల చుట్టూ తిరగడం. ఐదో రోజు వచ్చే పొట్లం కంటే ఇరవయ్యో రోజు బాగుచేయించిన కుట్టు మిషను ఆ ఇంటికి ఎక్కువ కాలం అన్నం పెడుతుంది. కాని అప్పటికి టీవీ మరో వార్తకు వెళ్లిపోతుంది, చందా ఆగిపోతుంది.

చప్పుడు లేని ఆపద: విధానాల మార్పు

మార్కాపురం పలక దేశమంతా ప్రసిద్ధి. ఆ పలకల పనిలో పిల్లలు ఉండటం వల్లే 1988లో కేంద్రం మొదలుపెట్టిన జాతీయ బాలకార్మిక ప్రాజెక్టు తొలి కేంద్రాల్లో మార్కాపురం ఒకటైంది. పనిలోంచి బయటికి తెచ్చిన పిల్లలకు ప్రత్యేక పాఠశాలలు, మధ్యాహ్న భోజనం, స్టైపెండు ఆ పథకంలో ఉండేవి. దేశంలో అనేక చోట్ల స్వచ్ఛంద సంస్థలే ఆ బడులు నడిపాయి. 2021 ఏప్రిల్ 1 నుంచి ఆ పథకాన్ని సమగ్ర శిక్షలో కలిపేశారు. కాగితం మీద అది విలీనమే. అయితే బడి మానిన పిల్లవాణ్ణి వెతికి పట్టుకొచ్చే పని ఎవరిదన్న ప్రశ్న మాత్రం ప్రతి ఊళ్లో కొత్తగా తలెత్తింది.

2022-23 నుంచి మైనారిటీ ప్రీ-మెట్రిక్ స్కాలర్‌షిప్‌ను 9, 10 తరగతులకే పరిమితం చేశారు. విద్యాహక్కు చట్టం కింద 8 వరకు చదువు ఉచితమే కదా అన్నది ప్రభుత్వం చెప్పిన కారణం. అదే ఏడాది మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్ ఆగింది. 2024 ఫిబ్రవరిలో మౌలానా ఆజాద్ ఎడ్యుకేషన్ ఫౌండేషన్‌ను మూసివేయాలని ఉత్తర్వు వచ్చింది. ఈ నిర్ణయాల మంచిచెడ్డల మీద వాదించడం వేరే సంగతి. సొసైటీకి మాత్రం ఇది వరద లాంటిదే. ఒక తరగతి పిల్లలందరికీ ఒకే రోజున ఆసరా తప్పింది. అలాంటి ఉత్తర్వు వచ్చిన నెలలోనే మన పరిధిలో ఎందరికి ఆగింది, ఏ తరగతి వారికి ఆగింది, ఎవరు బడి మానే ప్రమాదంలో ఉన్నారు అని లెక్క తీయాలి. ఆ లెక్క లేకుండా పంచిన నోటుబుక్కులు అవసరం లేని ఇంటికి కూడా వెళ్తాయి.

చట్టం మన గుమ్మంలోకి వచ్చినప్పుడు

2020 ఆర్థిక చట్టంతో ధర్మసంస్థల పన్ను మినహాయింపు శాశ్వతం కాకుండా పోయింది. పాత రిజిస్ట్రేషన్లన్నీ 12ఏబీ, 80జీ కింద కొత్తగా తీసుకోవలసి వచ్చింది, అదీ ఐదేళ్లకే. అలా తొలి విడతలో వచ్చిన రిజిస్ట్రేషన్ల గడువు 2026 మార్చి 31. రెన్యువల్ దరఖాస్తుకు చివరి తేదీ మాత్రం ఆరు నెలల ముందే, 2025 సెప్టెంబర్ 30. ఆదాయం రూ. 5 కోట్లు దాటని చిన్న సంస్థలకు 2025 నుంచి పదేళ్ల గడువు ఇచ్చే వెసులుబాటు వచ్చింది. గడువులోపు దరఖాస్తు వేయకపోతే నష్టం ఆ ఏడాది ఆదాయంతో ఆగదు. సంస్థ ఆస్తుల విలువలో అప్పులు పోగా మిగిలిన దాని మీద గరిష్ఠ రేటుతో పన్ను పడే నిబంధన ఉంది. ఆలస్యానికి తగిన కారణం చూపితే మన్నించే అధికారం కమిషనర్‌కు ఉన్నా, దాన్ని నమ్ముకుని కూర్చోవడం తగదు. దాతలు కట్టించిన గది, కొన్న అంబులెన్సు ఒక్క కాగితం వల్ల ప్రమాదంలో పడకూడదు.

ఇక దాత పేరు సంగతి. గోప్యంగా ఇచ్చే దానానికి మన ధర్మంలో గొప్ప విలువ ఉంది. చట్టం మాత్రం పేరు, చిరునామా లేని విరాళం మొత్తం విరాళాల్లో 5 శాతం లేదా రూ. 1 లక్ష, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే దాన్ని దాటితే పైమొత్తం మీద 30 శాతం పన్ను వేస్తుంది. 80జీ వివరాలను 10బీడీ ఫారంలో ఏటా మే 31 లోపు పంపాలి. ఆలస్యమైతే రోజుకు రూ. 200 రుసుము. రూ. 2,000 మించిన నగదు విరాళానికి 80జీ రాయితీ లేదు. కొత్త పన్ను విధానం ఎంచుకున్న దాతకు ఈ రాయితీ అసలే లేదు. కాబట్టి గోప్యత అంటే సమాజం ముందు గోప్యత అని అర్థం చేసుకుందాం. పేరు సావనీరులో వద్దంటే వేయం. రసీదు పుస్తకంలో మాత్రం ఉండాలి. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యే కొత్త ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ల అంకెలు మారినా లెక్క చూపే బాధ్యత మారదు.

80జీకి మరో షరతు ఉంది. సంస్థ ఒక్క మతం వారి మేలుకే ఏర్పడినది కాకూడదు. ఇది మనకు భారం కాదు. జకాత్ ఎవరికి చెందాలో తౌబా సూరా 60వ ఆయత్ ఎనిమిది వర్గాలుగా చెప్పింది. దాన్ని ఆ నియమం ప్రకారమే ఖర్చు చేస్తాం. నీళ్ల ట్యాంకరు, వైద్య శిబిరం, వరద సాయం సదఖా నిధి నుంచి నడుస్తాయి. ఆ వరుసలో నిలబడినవారి మతం అడగం.

గల్ఫ్‌లో, అమెరికాలో ఉన్న మన పిల్లల గురించి కూడా చెప్పాలి. భారత పాస్‌పోర్టు ఉన్నవారు తమ సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. పౌరసత్వం మార్చుకున్నవారు పంపితే అవుతుంది, దానికి ఎఫ్‌సీఆర్‌ఏ అనుమతి కావాలి. 2020 సవరణ తర్వాత ఆ డబ్బును మరో సంస్థకు బదిలీ చేయడం కుదరదు. నిర్వహణ ఖర్చు 20 శాతం దాటకూడదు. 1969 నుంచి అనంతపురంలో సేవ చేస్తున్న ఆర్డీటీకే 2025లో ఈ అనుమతి రెన్యువల్ చిక్కై, జనం రోడ్డెక్కవలసి వచ్చింది. ఇంటి చుట్టుపక్కల నుంచి వచ్చే చిన్న చందాల బలం అప్పుడే తెలుస్తుంది.

కరువు దాతకూ వస్తుంది

పశ్చిమ ప్రకాశంలో ఒక చిక్కు ఉంది. వాన కురవని ఏడాది పేదవాడి పొయ్యితో పాటు దాత దుకాణం కూడా చల్లబడుతుంది. అవసరం పెరిగిన ఏడాదే వసూలు తగ్గుతుంది. హిజ్రీ 18లో అరేబియాలో కరువు వచ్చినప్పుడు హజ్రత్ ఉమర్ (రజి) ఆ ఏడాది జకాత్ వసూలును వాయిదా వేశారని, సిరియా, ఈజిప్టుల నుంచి ధాన్యం తెప్పించారని చరిత్రకారులు రాశారు. ఇవ్వలేని ఏడాది ఒకటి వస్తుందని ఆయన గుర్తించారు. పంట బాగా పండిన ఏడేళ్లలో దాచి, ఎండిన ఏడేళ్లలో తీసిన యూసుఫ్ ప్రవక్త (అలై) గాథ మనందరికీ తెలిసినదే.

అందుకే ఆపద నిధి మంచి ఏడాదిలోనే ఏర్పడాలి. చట్టం ఇందుకు అడ్డు కాదు. ఏడాది ఆదాయంలో 15 శాతం వరకు షరతు లేకుండా మిగుల్చుకోవచ్చు. అంతకు మించితే ఫలానా పని కోసమని తెలియజేసి ఐదేళ్ల వరకు ఉంచవచ్చు. అయితే జకాత్ సొమ్మును ఇలా దాచిపెట్టడం తగదు, అది హక్కుదారుకు త్వరగా చేరాలి. హనఫీ ఫిఖహ్ ప్రకారం జకాత్ పేదవాడి సొంతం కావాలి. దానితో ఆడిటర్ ఫీజు, గుమాస్తా జీతం, గోదాము అద్దె కట్టలేం. ఇవన్నీ లిల్లాహ్, సదఖాల నుంచే రావాలి. జకాత్ మాత్రమే ఇచ్చి లెక్కలు సరిగ్గా ఉండాలని కోరితే ఆ లెక్కలు రాసేవాడి జీతం ఎక్కడి నుంచి వస్తుంది?

దాతలకు మా మనవి ఇది.

1. విరాళం ఇచ్చేటప్పుడే అది జకాతా, ఫిత్రానా, సదఖానా, లిల్లాహా చెప్పండి. రసీదు మీద అదే రాయించుకోండి.

2. జకాత్‌తో పాటు ఎంతో కొంత షరతులు లేని లిల్లాహ్ ఇవ్వండి. ఆపద నిధికీ, ఆడిటుకూ అదే ఆధారం.

3. వీలైతే రంజాన్‌లో ఒకేసారి కాకుండా నెల నెలా ఇవ్వండి. ఆకలి ఒక్క నెలదే కాదు.

4. బ్యాంకు ద్వారా, పాన్ వివరాలతో ఇవ్వండి. పేరు బయటపెట్టవద్దంటే ఆ మాట రాసివ్వండి.

5. మీ వీధిలో చేయి చాచని ఇల్లు ఏదో మాకు చెవిన వేయండి. ఒక్కోసారి డబ్బు కంటే ఆ సమాచారమే ఎక్కువ విలువైనది.

6. సర్వసభ్య సమావేశానికి వచ్చి లెక్కలు అడగండి. రిజిస్ట్రేషన్ గడువు ఎప్పటిదాకా ఉందో అడగండి. అడిగే దాత ఉన్న సంస్థ తప్పు దారి పట్టడం కష్టం.

తర్వాతి ఆపద ఏ రూపంలో వస్తుందో అల్లాహ్‌కే తెలుసు. అది వచ్చిన రోజు మన దగ్గర డబ్బుతో పాటు పేర్ల జాబితా, చెల్లుబాటయ్యే కాగితం ఉండాలి. ఈ మూడూ మంచి రోజుల్లో మాత్రమే సిద్ధం చేసుకోగలం. ఈ ఏడాది వానలు పడి కంభం చెరువు నిండితే, ఆ సంతోషంలో ఒక పిడికెడు ఆపద నిధికి తీసిపెడదాం. అల్లాహ్ మన దానధర్మాలను స్వీకరించుగాక. ఆమీన్.