బండి అమ్మినా బోనస్ నీదే

బీదర్

చిన్నీ,

లీడ్స్‌లో సీటు ఖాయమైందని మా అక్క ఫోన్ చేసి చెప్పింది. చాలా సంతోషం బిడ్డా. అదే ఫోన్‌లో ఇంకో సంగతి కూడా చెప్పింది. వెళ్లేలోపు కారు అమ్మేస్తున్నారట, జహీరాబాద్ నుంచి ఒకాయన వచ్చి చూసి వెళ్లాడట. ఎడమ డోరు సొట్టను ఇన్సూరెన్స్‌లో బాగు చేయించి ఆయన్ని నాలుగు రూపాయలు ఎక్కువ అడుగుదామని బావ అంటున్నాడట. ఇన్సూరెన్స్ కంపెనీలో పనిచేసి రిటైరైనవాణ్ణి, ఇది విని ఊరుకోలేక రాస్తున్నాను. ఆ క్లెయిమ్ చెయ్యొద్దు.

నీ పాలసీ కాగితం తీసి ‘నో క్లెయిమ్ బోనస్’ అన్న చోట చూడు, 45 శాతం అని ఉంటుంది. మొదటి ఏడాది క్లెయిమ్ లేకుండా గడిస్తే 20, రెండో ఏడాదికి 25, తర్వాత 35, 45, ఐదేళ్లు నిండితే 50. అంతకుమించి పెరగదు. ఆ 50 నీకు ఈ ఆగస్టు 20న, పాలసీ ముగిసే రోజున దక్కాలి. ఈలోగా ఒక్క క్లెయిమ్ వేశావంటే, అది వెయ్యి రూపాయలదైనా లక్షదైనా, మెట్లన్నీ దిగి నేల మీదికి వచ్చేస్తావు. డోరు సొట్టకు ఐదారు వేలవుతుందేమో. అందులోనూ 1500 సీసీ లోపు కారుకు ప్రతి క్లెయిమ్‌లో మొదటి 1,000 ఎలాగూ మన జేబులోంచే పోతుంది. సొట్ట సొట్టగానే అమ్మండి, లేదా చేతి డబ్బుతో తీయించండి.

అమ్మేశాక బోనస్‌తో పనేముందని బావ అడుగుతాడు. చాలామంది అలాగే అనుకుంటారు, బోనస్ బండితోపాటే పోతుందని. పోదు. 2002 నాటి మోటార్ టారిఫ్ లోనే రాసి ఉంది, ఆ హక్కు బండిదీ కాదు, పాలసీదీ కాదు, పాలసీ ఎవరి పేరున ఉందో ఆ మనిషిది. బండి అమ్మి వెంటనే ఇంకోటి కొనకపోయినా, పాత ఇన్సూరెన్స్ ముగిసిన నాటినుంచి మూడేళ్లలోపు కొత్త బండికి పాలసీ తీసుకుంటే ఆ శాతం అలాగే ఇస్తారు. ప్రైవేటు కారు మీద వచ్చింది ప్రైవేటు కారుకే చెల్లుతుంది, నీ స్కూటీకి మళ్లించడం కుదరదు. రెండు కార్లకు పంచుకోవడమూ కుదరదు.

అయితే ఇంట్లో కూర్చుంటే ఇది రాదు, అడిగి తీసుకోవాలి. బండి చేతులు మారగానే మీ ఇన్సూరెన్స్ ఆఫీసుకు వెళ్లి, బోనస్ నా పేరున ఉంచి లెటర్ ఇవ్వండని రాసివ్వు. అమ్మకం జరిగినట్టు ఫారం 29 నకలు, ఆర్‌సీ నకలు, పాలసీ అడుగుతారు. లెటర్ చేతికొచ్చాక దాని మీద నీ పేరు, శాతం, ఎప్పటిదాకా చెల్లుతుందో ఆ తేదీ, మూడూ అక్కడే నిలబడి చదువు. గడువు నువ్వు విమానం ఎక్కిన రోజు నుంచి లెక్కపెట్టేది కాదు. చదువు ఏడాది, ఉద్యోగం దొరికితే మరో రెండేళ్లు అంటున్నావు కాబట్టి నీకు ఆ తేదీ అంచునే ఉంటుంది. లెటర్‌ను ఫొటో తీసి సొంత మెయిల్‌కు పంపుకో. కాలేజీ మెయిల్‌లో పెడితే చదువు అయిపోయాక తెరుచుకోకపోవచ్చు.

ఆగస్టు 20కి ముందే అమ్మేస్తే మాత్రం చేతికొచ్చేది 45 శాతమే. ఏడాది పూర్తిగా గడిస్తేనే మెట్టు ఎక్కుతుంది, పదకొండు నెలలకు పదకొండు నెలల బోనస్ ఉండదు. నీ ప్రయాణం సెప్టెంబరులో కదా. గడువులోపే రెన్యూ చేయించు, 50 శాతం కొత్త పాలసీ మీద అచ్చవుతుంది. ఆ తర్వాత అమ్ము. బండి కొనేవాడి పేరుకు పాలసీ మారుతుంది, బోనస్ అతనిది కాదు గనక మిగిలిన రోజులకు ఆ తేడా కంపెనీకి అతనే కట్టాలి. ఈ మాట బేరంలోనే చెప్పేయండి, లేకపోతే తర్వాత గొడవ. మన ఊళ్లో బేరం ఉర్దూలో నడిచి, ఆర్టీవోలో కన్నడలో తేలి, ఇంటికొచ్చి తెలుగులో తిట్టుకోవడంతో ముగుస్తుంది!

అమ్మకుండా షెడ్డులో పెట్టేసి వెళ్దామన్న ఆలోచన కూడా వచ్చిందట. పాలసీ ముగిశాక 90 రోజుల్లో రెన్యూ చెయ్యకపోతే బోనస్ పోయిందనే అనుకో. బావ పేరుకు రాసిచ్చినా అది ఆయనకు రాదు. యజమాని పోయాక బండి వాడుకునే భార్యాభర్తలకో పిల్లలకో తల్లిదండ్రులకో వస్తుందన్న ఒక్క మినహాయింపే ఉంది, దాని ఊసు మనకిప్పుడెందుకు.

లాభమెంతో కూడా చెప్తాను, మరీ ఎక్కువ ఊహించుకోకు. తగ్గింపు మన బండి నష్టానికి కట్టే ఓన్ డ్యామేజ్ భాగం మీదే. కొత్త కారుకు మూడేళ్ల థర్డ్ పార్టీ ఒకేసారి కట్టించుకుంటారు, 1000 నుంచి 1500 సీసీ మధ్య బండికి 2022 రేటు 10,640 రూపాయలు, దాంట్లో పైసా తగ్గదు. ఓన్ డ్యామేజ్ 20,000 అనుకుంటే 10,000 మిగులుతుంది. షోరూమ్ కుర్రాడు ఈ లెటర్ సంగతి తనంతట తాను అడగడు. నువ్వే బల్ల మీద పెట్టాలి. ఒక కంపెనీ ఇచ్చిన లెటర్ ఇంకో కంపెనీలోనూ చెల్లుతుంది. ఒక్కోచోట, లెటర్ లేకపోయినా 50 వేసేస్తాం సంతకం పెట్టండి అంటారు. పెట్టకు. కొత్త కంపెనీ 21 రోజుల్లో పాత కంపెనీని అడిగి తెలుసుకోవాలని నియమం. అబద్ధమని తేలితే ప్రమాదమైన రోజున క్లెయిమ్ ఇవ్వరు.

లీడ్స్‌లో కూడా కారు కొంటావేమో. మన లైసెన్సుతో ఇంగ్లండ్‌లో 12 నెలలు నడపొచ్చు. అక్కడి కంపెనీలు మన బోనస్‌ను లెక్కలోకి తీసుకుంటాయా అన్నది ఒక్కోదాన్నీ అడిగి తెలుసుకోవాల్సిందే. తిరిగొచ్చేటప్పుడు మాత్రం అక్కడి కంపెనీ నుంచి నో క్లెయిమ్స్ రుజువు రాయించుకుని రా. విదేశీ పాలసీ ముగిసిన మూడేళ్లలోపు ఇక్కడ పాలసీ తీసుకుంటే దాన్ని మన నియమం ఒప్పుకుంటుంది. ఇక్కడి లెటర్ గడువు దాటిపోతే అదే నిన్ను కాపాడుతుంది.

బోనస్ కన్నా పెద్ద సంగతి ఇంకొకటుంది. మన కేఏ 38 బండి జహీరాబాద్ వెళ్తోంది, అంటే రాష్ట్రం దాటుతోంది. ఇక్కడి ఆర్టీవో నుంచి ఫారం 28 మీద ఎన్‌ఓసీ తీసుకోవాలి, 29, 30 నింపాలి. డబ్బు చేతిలో పడింది కదా, పేరు వాళ్లే మార్చుకుంటారులే అని విమానం ఎక్కొద్దు. బండి ఎన్ని చేతులు మారినా ఆర్‌సీలో పేరున్నవాడే ప్రమాదానికి బాధ్యుడని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. అక్కడ నువ్వు పరీక్షలు రాస్తుంటే ఇక్కడ ట్రిబ్యునల్ నోటీసు మీ ఇంటికి వస్తుంది.

జహీరాబాద్ ఆయన మళ్లీ వచ్చే రోజు ముందే చెప్పమను, నేనొచ్చి కూర్చుంటాను. ఖాళీ ఫారాల మీద సంతకాలు మాత్రం చెయ్యొద్దు, బావ అడిగినా సరే.

మీ మామయ్య