సైబరాబాదులో వాననీరు

దక్కను పీఠభూమిపై వెలసిన హైదరాబాదు నగరానికి జీవనది లేదు. మూసీ వర్షాధారమైన ఏరు. ఏటా సగటున కురిసే వాన సుమారు 800 మిల్లీమీటర్లు. అందులో అధికభాగం జూన్ నుండి సెప్టెంబరు వరకే. నేల చూడబోతే కఠినమైన గ్రానైటు శిల. పైనున్న పలుచని మన్ను, దాని కింద పొడిబారిన రాతిపొర, ఆ దిగువ శిలలలోని పగుళ్లు – భూగర్భంలో నీరు నిలిచే తావులు ఇవే.

పూర్వులు ఈ సంగతి ఎరిగినవారు. వాగులకు అడ్డంగా కట్టలు పోసి చెరువులు నిర్మించారు. ఎగువ చెరువు నిండి మత్తడి దూకితే ఆ నీరు దిగువ చెరువుకు చేరేది. వీటినే గొలుసుకట్టు చెరువులు అంటారు. మాదాపూర్ సమీపాన బండల మాటున ఉన్న దుర్గం చెరువు కుతుబ్‌షాహీల కాలంలో గోలకొండ కోటకు నీరందించింది. కంటికి సులభంగా కనిపించనందున దానికి రహస్య చెరువనే పేరు కూడా కలిగింది.

1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. అంతవరకు రాళ్లగుట్టలతో, పొలాలతో ఉన్న ప్రాంతం కొద్ది సంవత్సరాలలోనే గుర్తుపట్టలేనంతగా మారింది. గుట్టలు చదునయ్యాయి. నేలను కాంక్రీటు, తారు కప్పివేశాయి. పడినచోట ఇంకవలసిన వాన రోడ్డున పారసాగింది. 2000 ఆగస్టు 24న నగరంలో ఒక్కరోజులో దాదాపు 24 సెంటీమీటర్ల వాన కురిసి బస్తీలు నీట మునిగాయి. 2020 అక్టోబరులోనూ అదే దుస్థితి. 2024 వేసవిలోనో, నగరపు పడమటి భాగాన బోర్లు ఎండి జనం ట్యాంకర్ల కోసం ఎదురుచూశారు. ముంపునకూ ఎద్దడికీ ఒకే కారణం కొంతవరకు ఉన్నది: వచ్చిన నీటికి ఆగే చోటు లేదు.

ఒక చిన్న లెక్క చూడవచ్చు. 100 చదరపు మీటర్ల డాబాపై ఏడాదిలో పడే వాన 80,000 లీటర్లు. అయిదింట ఒక వంతు వృథా అయినా 64,000 లీటర్లు దక్కుతాయి. రోజుకు 500 లీటర్లు వాడే కుటుంబానికి అది నాలుగు నెలల నీరు!

తొలివాన డాబామీది దుమ్మును మోసుకొస్తుంది కనుక దానిని బయటికి వదలాలి. తరువాతి నీటిని వడకట్టి సంపులోకి, సంపు నిండాక ఇంకుడుగుంతలోకి మళ్లించాలి. గుంత అడుగున పెద్దరాళ్లు, వాటిపై కంకర, ఆపైన ఇసుక పరుస్తారు. ఇసుకలో మట్టి పేరుకుంటే నీరు ఇంకదు. ఏటా వేసవిలో దానిని తీసి కడగనిచో గుంత ఉండీ లేనట్లే. బండ పైకే తేలిన చోట గుంత తవ్వడం వ్యర్థం. అక్కడ నిల్వ తొట్టె మేలు. వాననీటి సేకరణను ప్రోత్సహిస్తూ 2002లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 'వాల్టా' చట్టం వచ్చింది. చట్టం గుంతను తవ్వించగలదు గాని ఏటేటా ఇసుక కడిగించలేదు కదా!

పెద్ద కార్యాలయాల ఆవరణల లెక్క వేరు. ఎకరం కప్పుపై అయిదు సెంటీమీటర్ల వాన పడితే అది రెండు లక్షల లీటర్లు. అంత నీరు ఒక్కుమ్మడిగా కాలువలో పడితే దిగువనున్న రోడ్డు ఏరవుతుంది. ఆవరణలోనే పల్లపు గుంటలలో నిలిపి మెల్లగా వదిలితే పొంగు తగ్గుతుంది. కొంత ఇంకుతుంది కూడా. మిగిలినది పాత వాగుల దారినే పల్లానికి సాగుతుంది. ఆ దారి మూసుకుపోని చోట అది చెరువుకు చేరుతుంది.