బిడ్డ కోసం బయలుదేరే ముందు

అమెరికాలో స్థిరపడిన తెలుగు దంపతుల్లో చాలామందికి దత్తత అనుకోగానే ముందు సొంతూరే గుర్తుకొస్తుంది. తెలిసినవాళ్ల చెవిన వేస్తే ఎవరో ఒక బిడ్డ సంగతి చెబుతారని, సెలవు పెట్టి వెళ్లి తెచ్చుకోవచ్చని ఆశ. ఆ దారి మూసుకుపోయింది. మూయడమే న్యాయం. 1999–2001 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో లంబాడా తండాల పసికందుల్ని దళారులు కొని దత్తత సంస్థలకు చేర్చిన ఉదంతాలు బయటపడ్డాయి. ఇవాళ మీరు నింపే ప్రతి ఫారం వెనకా అలా బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లులున్నారు. అందుకే కాగితాలెక్కువని విసుక్కోకుండా, ఒక్కోటీ ఎందుకో తెలుసుకుంటూ నడవండి. మీరు వెళ్లేది పుట్టిన దేశానికే. బిడ్డే తెలియని దేశానికి, తెలియని మనుషులతో వెళ్లాలి. సన్నాహమంతా ఆ బిడ్డ వైపు నుంచి ఆలోచించి చేసుకోవాలి.

1. ముందు పాస్‌పోర్టులు చూసుకోండి

దంపతుల్లో కనీసం ఒకరు అమెరికా పౌరులైతేనే విదేశీ దత్తతకు అమెరికా అనుమతి కోరే ఐ-800ఏ దరఖాస్తు వేయగలరు. ఇద్దరూ హెచ్-1బీ మీదో గ్రీన్‌కార్డు మీదో ఉంటే ఈ దారి లేదు. వాళ్లు దత్తత తీసుకున్న బిడ్డను అమెరికా వలస చట్టం వాళ్ల బిడ్డగా గుర్తించాలంటే సాధారణంగా రెండేళ్ల చట్టబద్ధ సంరక్షణ, రెండేళ్లపాటు కలిసి నివసించిన రుజువు చూపాలి. అంటే ఎవరో ఒకరు ఇండియాలో ఉండిపోవలసి రావచ్చు. బిడ్డ చేతికొచ్చాక తెలుసుకోవలసిన సంగతి కాదిది. ముందే ఇమ్మిగ్రేషన్ లాయరును అడగండి.

మనవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇంకోచోట. అక్క కూతుర్నో తమ్ముడి కొడుకునో పెంచుకుంటామని సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో దత్తత పత్రం రాయించుకుంటారు. ఆ పత్రం ఒక్కటే చూపితే అమెరికా వీసా రాదు. విదేశీ దత్తతలపై 1993 నాటి హేగ్ ఒప్పందం ఇండియాలో 2003 నుంచి, అమెరికాలో 2008 నుంచి అమల్లో ఉంది. సొంతవాళ్ల బిడ్డైనా సరే, కేంద్ర దత్తత వనరుల సంస్థ ‘కారా’ అనుమతితోనే దేశం దాటాలి.

ఇండియా వైపు అర్హత కూడా ఇక్కడే చూసుకోండి. భారత పాస్‌పోర్టున్న ఎన్‌ఆర్‌ఐలకు దేశంలో ఉండేవాళ్లతో సమానమైన వరుస. ఓసీఐ కార్డున్న అమెరికా పౌరులది వేరే వరుస. రెండేళ్లలోపు బిడ్డ కావాలంటే దంపతులిద్దరి వయసులూ కలిపి 85 దాటకూడదు. రెండు నుంచి నాలుగేళ్ల బిడ్డకు 90, నాలుగు నుంచి ఎనిమిదేళ్లకు 100, ఆపైన 110. పెళ్లయి కనీసం రెండేళ్లు కావాలి. ఇండియాలో బిడ్డల కోసం ఎదురుచూసే దంపతులు చాలా ఎక్కువ, దత్తతకు వచ్చే పిల్లలు తక్కువ. దేశం బయటికి వచ్చే ఫైళ్లలో కాస్త పెద్ద పిల్లలవి, ప్రత్యేక వైద్య అవసరాలున్న పిల్లలవి ఎక్కువ. ఏ వయసు బిడ్డను, ఏ ఆరోగ్య సమస్యను మీ ఇల్లు మోయగలదో దంపతులిద్దరూ కూర్చుని నిజాయితీగా మాట్లాడుకోండి.

2. హోమ్ స్టడీ

కారా గుర్తింపున్న అమెరికా ఏజెన్సీని ఎంచుకోండి. కారా దత్తత పోర్టల్ ‘కేరింగ్స్’లో మీ పేరు నమోదు చేసేది ఆ ఏజెన్సీయే. సోషల్ వర్కర్ ఇంటికొచ్చి గదులు చూస్తారు, జీతం, అప్పులు, ఆరోగ్యం, పోలీసు రికార్డు అన్నీ అడుగుతారు. మీరెలా పెరిగారో, కోపమొస్తే ఏం చేస్తారో, బిడ్డలు కలగని దుఃఖం ఎంతవరకు తగ్గిందో కూడా అడుగుతారు. డిప్రెషన్‌కు ఎప్పుడో మందులు వాడి ఉంటే చెప్పండి. దాన్ని దాచడం వల్ల వచ్చే చిక్కే పెద్దది. కనీసం పది గంటల శిక్షణ తప్పనిసరి. దాన్ని మొక్కుబడిగా ముగించకండి. మనుషుల్ని కోల్పోయిన పసిబిడ్డ ఎలా ప్రవర్తిస్తుందో చెప్పేది అక్కడే.

ఐ-800ఏ ఆమోదం పదిహేను నెలలు చెల్లుతుంది, పొడిగించుకోవచ్చు. ఇల్లు మారినా, ఉద్యోగం పోయినా, ఇంట్లోకి కొత్త మనిషి వచ్చినా వెంటనే ఏజెన్సీకి చెప్పాలి.

3. ఎదురుచూపు కాలంలో చేయాల్సిన పని

ఈ నెలలు, ఒక్కోసారి ఏళ్లు, ఖాళీగా గడపకండి. ఆఫీసులో సెలవు సంగతి తేల్చుకోండి. అర్హత ఉంటే ఫ్యామిలీ లీవ్ చట్టం కింద దత్తతకు పన్నెండు వారాల సెలవు దొరుకుతుంది, జీతం రాదు. దత్తత పిల్లల వైద్యంలో అనుభవమున్న పీడియాట్రీషియన్‌ను ముందే వెతికి పెట్టుకోండి.

అన్నిటికంటే కష్టమైన పని బంధువుల్ని సిద్ధం చేయడం. బిడ్డ వచ్చిన రోజునే ఇల్లంతా నిండిపోవాలని మన అమ్మానాన్నల కోరిక. ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి ఆ బిడ్డ వెళ్లకూడదని, కొన్ని వారాలు అన్నం పెట్టేది, స్నానం చేయించేది, నిద్రపుచ్చేది అమ్మానాన్నలు మాత్రమేనని వాళ్లకు ఓపిగ్గా చెప్పండి. బారసాల, తిరుపతి మొక్కు, హాల్లో ఫంక్షన్ అన్నీ తర్వాత పెట్టుకోవచ్చు. ‘ఎంత పుణ్యం చేసుకున్నారో’, ‘దాని అదృష్టం’ అనే మాటలు బిడ్డ ముందు వద్దని కూడా ఇప్పుడే చెప్పండి. ఆ మాటలు వింటూ పెరిగిన బిడ్డ తన ఇంట్లోనే రుణపడ్డట్టు బతుకుతుంది.

4. ఫైలు వచ్చిన రోజు

ఫొటో, బిడ్డ అధ్యయన నివేదిక, వైద్య పరీక్షల నివేదిక వస్తాయి. బిడ్డను రిజర్వ్ చేసుకోవడానికి 96 గంటలు. ఆ తర్వాత 30 రోజుల్లో ఆ నివేదికలపై సంతకం పెట్టి ఒప్పుకోవాలి. ఫొటో చూశాక మనసు ఆగదు. అయినా నివేదికను డాక్టరుకు పంపండి. బరువు, పొడవు, తల చుట్టుకొలత ఒక్కసారి తీసినవి చాలవు, నెలలవారీ అంకెలు అడగండి. బిడ్డ పెరుగుదల గీత ఎటు పోతోందో వాటిలోనే తెలుస్తుంది. హెపటైటిస్-బి, హెచ్‌ఐవీ, క్షయ పరీక్షలు ఎప్పుడు చేశారో తేదీలు చూడండి. బిడ్డ నడిచే, నవ్వే, పిలిస్తే తిరిగే చిన్న వీడియో అడగండి. ‘మావల్ల కాదు’ అని ఈ దశలో చెప్పడం తప్పు కాదు. తెచ్చుకున్నాక ఆ మాట అనడమే ఘోరం.

5. టికెట్ కొనకముందు

ఇక్కడ వరుస తప్పకూడదు. ముందు ఆ బిడ్డ పేరు మీద వేసే ఐ-800 దరఖాస్తుకు తాత్కాలిక ఆమోదం రావాలి. తర్వాత వీసా దరఖాస్తు చూసి, ఢిల్లీ అమెరికా ఎంబసీ హేగ్ ఒప్పందం కింద ఆర్టికల్-5 లేఖ ఇస్తుంది. దాని మీద కారా నిరభ్యంతర పత్రం ఇస్తుంది. ఆ తర్వాతే దత్తత ఉత్తర్వు. 2022 సెప్టెంబరు నుంచి ఆ ఉత్తర్వు ఇచ్చే అధికారం కోర్టుల నుంచి జిల్లా మెజిస్ట్రేట్‌కు, అంటే మన కలెక్టరుకు మారింది. ఆర్టికల్-5 లేఖ రాకముందే బిడ్డను దత్తత తీసుకుంటే, మీ సంరక్షణలోకి తెచ్చుకుంటే, అమెరికా వైపు కేసు చెడిపోతుంది.

ఉత్తర్వు వచ్చాక కొత్త జనన ధ్రువపత్రంలో తల్లిదండ్రులుగా మీ పేర్లుంటాయి. బిడ్డకు భారత పాస్‌పోర్టు వస్తుంది. దత్తత హేగ్ ఒప్పందం ప్రకారమే జరిగిందని కారా మరో ధ్రువపత్రం ఇస్తుంది. ఉత్తర్వు తేదీ నుంచి రెండు నెలల్లో మీరే స్వయంగా వచ్చి బిడ్డను తీసుకెళ్లాలి. తేదీ మార్చుకునే వీలున్న టికెట్టే కొనండి, తిరుగు ప్రయాణానికి వారం పదిరోజులు ఎక్కువే ఉంచుకోండి. నిర్ణయించిన రుసుము తప్ప రసీదు లేని రూపాయి ఎవరికీ ఇవ్వకండి. బిడ్డల క్రయవిక్రయాలకు జువెనైల్ జస్టిస్ చట్టంలో ఐదేళ్ల వరకు కఠిన శిక్ష ఉంది.

6. పెట్టె సర్దుకోవడం

- ఒరిజినల్ కాగితాలన్నీ చేతిసంచిలో. రెండు సెట్ల జిరాక్సులు వేరే పెట్టెలో. స్కాన్ కాపీలు ఫోన్లో.
- బిడ్డ ఉన్న సంస్థ చెప్పిన సైజు బట్టలు, ఒక సైజు తక్కువవి కూడా.
- ఓఆర్‌ఎస్ పొట్లాలు, థర్మామీటరు, డాక్టరు రాసిచ్చిన జ్వరం, దద్దుర్ల మందులు.
- బిడ్డను కట్టుకుని మోసే క్యారియర్. స్ట్రోలర్‌లో కూర్చోవడం అలవాటు లేని పిల్లలే ఎక్కువ.
- బొమ్మలు రెండు మూడు చాలు.

బిడ్డ తెలుగే మాట్లాడుతుందని అనుకోకండి. ఒడిశా నుంచో మహారాష్ట్ర నుంచో ఫైలు వస్తే ఆకలి, నీళ్లు, నొప్పి, రా, భయం వద్దు లాంటి పాతిక మాటలు ఆ భాషలో నేర్చుకునే వెళ్లండి.

7. శిశుగృహలో

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ జిల్లాల్లో దత్తతకు వచ్చే పిల్లల్ని చాలావరకు ప్రభుత్వ శిశుగృహల్లో పెంచుతారు. వెళ్లిన రోజునే బిడ్డను ఎత్తుకుని బయటపడాలని తొందరపడకండి. వీలైతే రెండు మూడు రోజులు వెళ్లి, ఆయమ్మ పక్కన నేల మీద కూర్చోండి.

మా పాపను తెచ్చుకోవడానికి మేం వెళ్లినప్పుడు తను రెండు రోజులు ఆయమ్మ కొంగు వదల్లేదు. మూడో రోజు మధ్యాహ్నం ఆయమ్మ పప్పన్నం మెత్తగా పిసికి, నెయ్యి వేసి, ముద్ద చేసి నా అరచేతిలో పెట్టింది. “నువ్వు పెట్టమ్మా, నేను పక్కనే ఉంటా. చెంచా చూస్తే ఏడుస్తది, చేత్తోనే పెట్టు. పడుకునేటప్పుడు వీపు కాదు, తొడ మీద తట్టాలి” అంది. ఫైలులో ఎక్కడా లేని మాటలివి. పాపను ఏ ముద్దుపేరుతో పిలిచేవాళ్లో, ఏ చప్పుడుకు ఉలిక్కిపడుతుందో, ఏ పిల్లతో ఆడుకునేదో, పాలు ఏ వేడిలో తాగుతుందో అన్నీ అడిగి రాసుకున్నాం. అనుమతి తీసుకుని ఆయమ్మతో, మంచంతో, గుమ్మంతో ఫొటోలు తీసుకున్నాం. మీరూ ఇవన్నీ అడగండి. బిడ్డ ఒంటి మీది గౌను, కప్పుకునే పాత దుప్పటి ఇస్తామంటే తెచ్చుకోండి, కొన్నాళ్లు ఉతక్కండి. ఆ వాసనే దానికి ధైర్యం.

8. ఢిల్లీలో

హైదరాబాద్‌లో కాన్సులేట్ ఉన్నా దత్తత వీసాలు ఇచ్చేది ఢిల్లీ ఎంబసీయే. ముందు ఎంబసీ గుర్తించిన డాక్టరు దగ్గర వైద్య పరీక్ష. పదేళ్లలోపు దత్తత పిల్లలకు కొన్ని టీకాలు అమెరికా వెళ్లాక వేయిస్తామని అఫిడవిట్ ఇచ్చే వీలుంది. తర్వాత ఇంటర్వ్యూ. ఇండియాలోనే దత్తత పూర్తయిన బిడ్డకు వచ్చేది ఐహెచ్-3 వీసా. ఢిల్లీలో ఉన్నన్ని రోజులూ షాపింగులు, చుట్టాల ఇళ్లు పెట్టుకోకండి. ఒకే గది, ఒకే భోజనం వేళ, ఒకే నిద్ర వేళ.

9. విమానం, ఇల్లు

విమానం దిగేటప్పుడు చెవి నొప్పి తగ్గడానికి పాలో నీళ్లో తాగించండి. బిడ్డ గుక్కపట్టి ఏడిస్తే చుట్టూ ఉన్నవాళ్ల చూపుల్ని పట్టించుకోకండి. తెలిసిన మనుషులందరూ ఒక్క వారంలో మాయమైపోయిన బిడ్డ ఏడవాలి. ఏడవకుండా బొమ్మలా ఉంటేనే జాగ్రత్తగా చూడాలి. ఎయిర్‌పోర్టుకు వచ్చే స్నేహితుల కారులో కార్‌సీట్ ముందే బిగించి ఉంచమనండి.

ఐహెచ్-3 మీద, అమెరికా పౌరులైన తల్లితోనో తండ్రితోనో నివసించడానికి వచ్చే పద్దెనిమిదేళ్లలోపు బిడ్డకు 2000 నాటి బాలల పౌరసత్వ చట్టం ప్రకారం దేశంలో అడుగుపెట్టగానే పౌరసత్వం వస్తుంది. సర్టిఫికెట్ పోస్టులో వస్తుంది. రాకపోతే వెంటపడండి. 2001 ఫిబ్రవరి 27 నాటికే పద్దెనిమిదేళ్లు నిండిన పాత దత్తత పిల్లలకు ఈ చట్టం వర్తించలేదు. తల్లిదండ్రులు కాగితాలు పూర్తి చేయకపోవడంతో వాళ్లలో కొందరు పెద్దయ్యాక అమెరికా పౌరసత్వం లేకుండా మిగిలారు. బిడ్డకు అమెరికా పాస్‌పోర్టు తీసుకుని, భారత పాస్‌పోర్టు సరెండర్ చేసి, ఓసీఐకి దరఖాస్తు పెట్టండి.

రెండేళ్లపాటు ఏజెన్సీ నివేదికలు పంపాలి, మొదటి ఏడాది మూడు నెలలకోసారి, రెండో ఏడాది ఆరు నెలలకోసారి. అంతా బాగుందని రాయించడానికి తాపత్రయపడకండి. బిడ్డ నిద్రపోకపోతే, అన్నం దాచుకుంటే, మిమ్మల్ని దగ్గరికి రానివ్వకపోతే అదే చెప్పండి. సాయం అందేది అప్పుడే.

ఫైలులోని ఒక్క కాగితం కూడా పారేయకండి. పద్దెనిమిదేళ్లు నిండాక తన మూలాలు వెతుక్కునే హక్కు బిడ్డకు చట్టమే ఇచ్చింది. ‘నువ్వెక్కడి నుంచి వచ్చావు’ అన్న కథ మాటలు రాని వయసు నుంచే ఇంట్లో చెబుతూ ఉండండి, ఆయమ్మ ఫొటో గోడ మీదే ఉంచండి. దత్తత సంగతి తెలిస్తే బిడ్డ దూరమవుతుందని మన ఇళ్లలో ఇంకా భయపడతారు. బిడ్డను దూరం చేసేది దాచిపెట్టడమే. కన్నతల్లిని తలచుకున్నా మీ ఒడి తనకు ఉంటుందని ఆ బిడ్డకు నమ్మకం కలిగించాలి. టికెట్ కొనేముందు మీరిద్దరూ ఒకరికొకరు ఇచ్చుకోవలసిన మాట ఇదే.