ఎత్తులు అప్పజెప్పించుకోకండి

చెస్ కోచింగ్ నుంచి వచ్చిన అమ్మాయో అబ్బాయో "మాకు ఇంగ్లిష్ ఓపెనింగ్ మొదలుపెట్టారు" అంటే సంతోషించండి. రాజు, మంత్రి ముందున్న బంట్లను కదపకుండా, తెల్లపావుల సి-బంటును రెండు గళ్లు జరిపి ఆట మొదలుపెట్టడమే ఇది. 1843లో పారిస్‌లో ఫ్రెంచ్ ఆటగాడు సెయింట్ అమాంట్‌తో ఆడిన మ్యాచ్‌లో ఇంగ్లండ్ ఆటగాడు హోవర్డ్ స్టాంటన్ దీన్ని వాడాడు. పేరు అలా వచ్చింది.

సి4లో బంటు, సి3లో గుర్రం, జి2లో బిషప్. మూడింటి గురీ డి5 గడి మీదే. ఈ సంగతి పట్టుబడితే పిల్లలకు ఓపెనింగ్ సగం వచ్చినట్టే.

చిక్కల్లా బట్టీతోనే. ఎదుటివాళ్లు ఏం ఆడినా మన ఎత్తులు ఇవేనని పిల్లలు అనుకుంటారు. సి4కు జవాబుగా నల్లబంటు ఇ5కు వచ్చింది, మనవాడు గుర్రాన్ని ఎఫ్3లో పెట్టాడు అనుకోండి. నల్లబంటు ఇ4కు జరిగి గుర్రం మీదికి వస్తుంది. బట్టీ పట్టినవాడు వరస ప్రకారం జి3 ఆడి గుర్రాన్ని పోగొట్టుకుంటాడు. బోర్డు చూసి ఆడేవాడు దాన్ని డి4కు తప్పిస్తాడు.

పైగా ఈ ఓపెనింగ్ ఎటైనా మళ్లుతుంది. 1972 ప్రపంచ చాంపియన్‌షిప్ ఆరో గేమ్‌ను బాబీ ఫిషర్ సి4తోనే మొదలుపెట్టాడు. మూడో ఎత్తుకే అది డి4 ఆటైన క్వీన్స్ గాంబిట్‌గా మారింది. ప్రత్యర్థి స్పాస్కీ మీద ఫిషర్ గెలిచాడు. కాబట్టి ఇ4, డి4తో మొదలయ్యే ఆటల్లో కాస్త చెయ్యి తిరిగాకే పిల్లల్ని దీనిలోకి దించడం మంచిది. ఆ సంగతి కోచ్‌తో ఒకసారి మాట్లాడండి.

మీకు చెస్ రాకపోయినా సాయం చేయగలరు. గేమ్ రాసుకున్న షీటు ముందు పెట్టుకుని, "ఈ ఎత్తు ఎందుకు వేశావు నాన్నా?" అని అడగండి. జవాబు తప్పనిపించినా చివరిదాకా వినండి. చెబుతూ చెబుతూ చాలాసార్లు తప్పు వాళ్లకే దొరుకుతుంది. ఫోన్‌లో మూడు నిమిషాల గేములు తగ్గించి, వారానికి ఒకటైనా నింపాదిగా ఆడే గేము ఉండేలా చూడండి. ఓడి వచ్చిన రోజు రేటింగ్ మాట తేకండి.

కొత్త ఓపెనింగ్‌తో మొదట్లో ఓటములు తప్పవు. నాలుగు గేములు పోగానే "పాతదే ఆడుకో" అని వెనక్కి లాగకండి. పిల్లలకు కొన్ని నెలల వ్యవధినీ, తప్పులు చేసే స్వేచ్ఛనూ ఇవ్వండి. ఆ రెండూ ఇవ్వాల్సింది మీరే.