రక్తం ఆపుతారంటే బెంబేలు పడకే చెల్లీ

మీ ఆయన లివర్‌లో గడ్డ కోసి తీసేటప్పుడు "కాసేపు రక్తం రాకుండా పట్టి ఉంచుతాం" అని డాక్టరుగారు చెప్పిన దగ్గర్నుంచీ నీకు అన్నం సయించట్లేదట. అమ్మ చెప్పింది. ఇలా వచ్చి కూర్చో, నాకు తెలిసినంత చెప్తాను.

లివర్‌కి రక్తం రెండు దారుల్లో వస్తుంది. ముప్పావు వంతు పేగుల మీదుగా పోర్టల్ సిర తెస్తుంది, మిగతాది ధమని తెస్తుంది. గుండె పంపే రక్తంలో దాదాపు నాలుగో వంతు ఈ ఒక్క అవయవం గుండానే పోతుంది. మరి దాన్ని కోస్తే నెత్తురు ఊరికే ఆగుతుందా? 1908లో గ్లాస్గో సర్జన్ జేమ్స్ హోగార్త్ ప్రింగిల్ ఒక దారి చూపించాడు. ఆ నాళాలు రెండూ పిత్తనాళంతో కలిసి లివర్‌లోకి వెళ్ళే చోట, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కిపట్టడమే. ఇప్పుడు వేళ్ళకి బదులు క్లాంపో పట్టీయో వాడతారు, పేరు మాత్రం ఆయనదే.

ఆపినంతసేపూ కణాలకి ఆక్సిజన్ అందదు. వాటి శక్తి నిల్వలు అయిపోతాయి, కణాలు నీరు చేరి ఉబ్బుతాయి. నీ భయమంతా ఇక్కడే కదూ? కానీ అసలు దెబ్బ చాలావరకు మళ్ళీ రక్తం వదిలాకే తగులుతుంది. ఎండిన కాలవకి ఒక్కసారిగా నీళ్ళొదిలితే గట్టు కోసుకుపోతుందే, అలా. వచ్చిన ఆక్సిజన్‌తోనే కణాల్ని దెబ్బతీసే ఫ్రీ రాడికల్స్ పుడతాయి. లివర్‌లో కాపలా ఉండే కుప్ఫర్ కణాలు రెచ్చిపోతాయి. తెల్లరక్తకణాలు గుంపుకట్టి సన్నటి నాళాలకి అడ్డం పడతాయి.

అందుకే ఏకబిగిన పట్టి ఉంచకుండా, మామూలుగా 15 నిమిషాలు ఆపి, 5 నిమిషాలు వదిలి, మళ్ళీ ఆపుతారు. ఆరోగ్యంగా ఉన్న లివర్ ఇలా విడతలుగా గంటకి పైగానే ఓర్చుకుంటుంది. 1999లో ఫ్రాన్స్‌లో జాక్ బెల్గితి బృందం రెండు పద్ధతుల్నీ పోల్చి చూసింది. విడతలుగా చేస్తే కోసేటప్పుడు నెత్తురు కాస్త ఎక్కువే పోయింది. అయినా లివర్‌కి జరిగిన నష్టం తక్కువ, ముందే జబ్బుపడ్డ లివర్లలో ఆ తేడా మరీ కొట్టొచ్చినట్టు కనిపించింది.

ఇక్కడే నీతో గట్టిగా చెప్పాల్సిన మాట ఉంది. కొవ్వు పట్టిన లివర్‌కి ఈ ఓర్పు తక్కువ, ఎందుకంటే దాని సన్నటి నాళాలు ముందే ఇరుకైపోయి ఉంటాయి. లివర్ మచ్చలు కట్టి గట్టిపడే సిర్రోసిస్ ఉన్నా అంతే. కాబట్టి మీ ఆయన మందు అలవాటు, ఇంతకుముందు చేయించుకున్న కీమో, ఎవరో చెప్పారని మింగిన నాటుమందులు, అన్నీ డాక్టరు ముందు పెట్టు. పరువు అని దాచకు తల్లీ.  ఇంట్లోవాళ్ళకి లివర్ ముక్క ఇచ్చేవాళ్ళని కూడా, లివర్‌లో కొవ్వుంటే ముందు బరువు తగ్గి రమ్మని పంపడానికి ఈ ఓర్పు తక్కువ కావడమూ ఒక కారణమే.

ఆపరేషన్ మర్నాడు రక్తపరీక్షలో ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ అనే లివర్ ఎంజైములు వందల్లో కనిపిస్తే గుండె జారిపోకు. దెబ్బతిన్న కణాల్లోంచి అవి బయటికి వస్తాయి, ఒకట్రెండు రోజులు ఎక్కి తర్వాత దిగుతాయి. నువ్వు కనిపెట్టుకుని ఉండాల్సినవి లివర్ పని ఎలా చేస్తోందో చెప్పే రెండు అంకెలు: కామెర్లని చూపే బిలిరుబిన్, రక్తం గడ్డకట్టే తీరుని చూపే ఐఎన్‌ఆర్. అయిదో రోజుకి అవి దిగుముఖం పట్టాయా అని రౌండ్స్‌కి వచ్చినప్పుడు అడుగు, మొహమాటపడకు. కళ్ళు పచ్చబడుతున్నా, మనిషి మగతగా ఉండి తేడాగా మాట్లాడుతున్నా రౌండ్స్ దాకా ఆగొద్దు, వెంటనే నర్సుని పిలువు.