గ్రామ కైఫీయతులు

రాజుల చరిత్ర శాసనములందును, కావ్యములందును నిలుచును. గ్రామము యొక్క చరిత్ర ఎచ్చట నిలుచును? ఊరి చెరువును ఎవరు త్రవ్వించిరి, గుడికి మాన్యమెవరిచ్చిరి, ఏ కరవున ఊరు పాడుపడెను, మరల ఎవరు వచ్చి కాపురముండిరి అను సంగతులు పూర్వము కరణము ఇంటనే ఉండెడివి. తాటియాకులపై గంటముతో వ్రాసి, త్రాట గ్రుచ్చి కట్టిన ఆ కట్టలకు కవిలెకట్టలని పేరు. ఆకు శిథిలమగుచున్నదని తోచినప్పుడు కరణము పాత వ్రాతను క్రొత్త ఆకులపైకి ఎత్తి వ్రాసికొనెడివాడు. అట్లు ఎత్తి వ్రాయువారు లేని యింట ఊరి చరిత్ర చెదలపాలయ్యెడిది.

ఇట్టి కట్టలను వెదకించి, వానిలోని విషయములను కాగితముపై వ్రాయించిన వాడు కాలిన్ మెకంజీ. ఆయన స్కాట్లండునకు చెందిన లూయిస్ దీవిలో పుట్టి, 1783లో ఈస్టిండియా కంపెనీ కొలువున మన దేశమునకు వచ్చెను. భూమిని కొలిచి పటములు గీయుట ఆయన ఉద్యోగము. 1815లో భారతదేశమునకు మొదటి సర్వేయరు జనరలు అయ్యెను. అయితే ఆయనకు దేశభాషలు రావు. ఊరూరికి పోయి కరణములను, పూజారులను, వృద్ధులను అడిగి వ్రాసికొనినవారు మనవారే. వారిలో ముఖ్యులు ఏలూరివారైన కావలి సోదరులు. కావలి వెంకట బొర్రయ్య ఈ పనికి త్రోవ చూపెను. ఆయన చిన్న వయస్సుననే 1803లో మరణింపగా, తమ్ముడు లక్ష్మయ్య ఆ భారమును వహించెను. వారు సేకరించిన గ్రామ వృత్తాంతములకే కైఫీయతులని పేరు. ఆ మాట పారసీ నుండి కచేరీ భాషలోనికి వచ్చినది. స్థితిగతులను తెలుపు వివరమని దాని అర్థము.

మెకంజీ 1821లో మరణించెను. ఆయన భార్య ఆ సంగ్రహమును లక్ష రూపాయలకు కంపెనీ వారికి అమ్మెను. విల్సన్ అను పండితుడు దానికి జాబితా కూర్చి 1828లో ప్రకటించెను. లక్ష్మయ్య ఆ పనిని తాను కొనసాగించెదనని కోరగా, అట్టి పనికి దేశీయుడు చాలడని 1836లో కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ పక్షమున అభిప్రాయము వెలువడెను. ఇరువది యేండ్లకు పైగా ఆ పనినే చేసిన వాని విషయమున చెప్పిన మాట ఇది! అటుపిమ్మట మదరాసున కాగితములు శిథిలమగుచుండుట చూచి, చార్లెస్ ఫిలిప్ బ్రౌను వానికి మరల ప్రతులు వ్రాయించెను. తాటియాకు నుండి కాగితమునకు, పాత కాగితము నుండి క్రొత్త కాగితమునకు ఇట్లు అవి ప్రాణము మార్చుకొనుచు వచ్చినవి. మన కాలమున కడప, గుంటూరు ప్రాంతముల కైఫీయతులు కొన్ని అచ్చయినవి.

నేడు గ్రంథాలయములు చేయుచున్నదియు ఈ ఎత్తి వ్రాయు పనియే. గంటమునకు బదులు కెమెరా వచ్చినది. పుటపుటకు ఛాయ తీసి, దానిని కంప్యూటరున భద్రపరచి, అంతర్జాలమున ఉంచుదురు. విల్సన్ జాబితా గ్రంథమును ఇంటర్నెట్ ఆర్కైవు నందు ఎవరైనను రుసుము లేకయే చదువవచ్చును.

అమరావతి విషయము చూడుడు. అచ్చటి స్తూపపు దిబ్బను ఆ యూరివారు దీపాలదిన్నె అనెడివారు. వాసిరెడ్డి వేంకటాద్రి నాయుని కాలమున కట్టడముల కొరకు దానిని త్రవ్వి రాళ్ళను తీసికొనిపోయిరి. మెకంజీ 1816లో రెండవసారి అచ్చటికి పోయి, శిల్పములకు చిత్రములు వ్రాయించెను. ఆ రాళ్ళలో పెక్కింటి జాడ నేడు తెలియదు. చిత్రములు మాత్రము లండనులోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నవి. ఆ గ్రంథాలయము వానిని అంతర్జాలమున ఉంచుటచే, లండను ముఖము చూడని వారును చూడగలిగిరి.

కాని యంత్రమునందు చేర్చినంత మాత్రమున ప్రతి శాశ్వతము కాదు. 2023 అక్టోబరులో దుండగులు ఆ గ్రంథాలయపు కంప్యూటర్లపై దాడి చేయగా, అందలి వ్రాతప్రతుల ఛాయలు నెలల తరబడి పాఠకులకు అందలేదు. మన దేశమున డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా అను పథకము వేలకొలది తెలుగు పుస్తకములను ఛాయలు తీసినది. కొంతకాలమునకు దాని సైటు మూతపడెను. ఆ పుస్తకములలో పెక్కింటిని ఇంటర్నెట్ ఆర్కైవునకు ముందే ఎత్తి ఉంచుటచే అవి దక్కినవి. ప్రతి ఒక్కచోటనే యున్నచో, అది ఆకైనను యంత్రమైనను ఒకటే.

మరియొక చిక్కు కలదు. చేతివ్రాత పుటకు తీసిన ఛాయ వట్టి బొమ్మయే. అందలి ఊరి పేరును యంత్రము తనంతట గుర్తించుట కష్టము. ఎవరో ఒకరు చదివి, పేరు, కాలము, విషయము వ్రాసి జాబితాలో చేర్చవలెను. ఆ పనిలో తొందరపడినచో పుస్తకమున్నను లేనట్లే. పైన చెప్పిన పథకమున తెలుగు పేర్లను ఇంగ్లీషు లిపిలో ఇష్టము వచ్చినట్లు వ్రాసిరి. కొన్నింట పుటలును లోపించినవి. అందుచే వెదకువారు పేరును నాలుగు విధముల వ్రాసి చూడవలెను. పాత జాబితాలలో ఏలూరు ఎల్లోర్ అనియు, విజయవాడ బెజ్వాడ అనియు, మచిలీపట్నము మసూలిపటాం అనియు ఉండును.

దొరికినదెల్ల నిజమని నమ్మరాదు. మాన్యము పోవునేమోయను భయముతో తమ హక్కును ప్రాచీనముగా చెప్పుకొనినవారు ఉందురు. దేవతల కథయు, సర్కారు పన్నును ఒకే పుటలో కలసి వచ్చును. సమీపమున శాసనమున్నచో దానితో సరిచూడవలెను. అయినను ఏ చెరువు క్రింద ఎంత భూమి సాగయ్యెను, ఏ కులములవారు ఊర నుండిరి మొదలగు సంగతులు ఇట్టి వ్రాతలందు దొరకినట్లు వేరొకచోట దొరకుట అరుదు.

ఇట్టి పాత లెక్కలలో కాలమును తరచు ఫసలీ సంవత్సరములలో చెప్పుదురు. ఫసలీ సంఖ్యకు 590 కలుపగా, ఆ ఫసలీ ఆరంభమైన క్రీస్తు శకపు సంవత్సరము వచ్చును. ఫసలీ 1220 అని యున్నచో, అది 1810వ సంవత్సరము నడుమ మొదలై 1811 నడుమ ముగిసెనని తెలిసికొనవలెను.